ఇత్తడి పట్టీకి ఇవతల

కొత్త ఆఫీసరు వచ్చిన వారం రోజులూ తుమ్మాడు. ఎనిమిదో రోజున వాక్యూమ్ క్లీనర్ కొనమని కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆ సంగతి చెప్పడానికి స్టోరు గుమాస్తా స్వయంగా హాల్లోకి వచ్చాడు. బండలు తుడిచే మనిషి అప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని ఇత్తడి పట్టీ తుడుస్తున్నాడు. ఆ ఆఫీసులో బండలు అయిపోయి తివాచీ మొదలయ్యేచోట, గుమ్మానికి అడ్డంగా, రెండు వేళ్ళ వెడల్పున పట్టీ ఒకటి ఉంది. పట్టీకి ఇవతల జనం నిలబడే హాలు, గుమాస్తాల బల్లలు, మెట్లు. అంతా బండలే. అవతల ఆఫీసర్ల గదులు, మీటింగు హాలు. గోడ నుంచి గోడ దాకా తివాచీ. ఇవతలి పని అతనిది. అవతలిది అతని భార్య చేసేది. ఆమె పోయి ఎనిమిది నెలలైంది. ఇప్పుడు ఆమె చెల్లెలు చేస్తోంది.

"మేస్త్రీ, నీకో పెద్దరికం వచ్చింది," అన్నాడు గుమాస్తా. తడిగుడ్డని తాపీలా ఆడిస్తాడని ఆఫీసులో అందరూ అతన్ని మేస్త్రీ అంటారు. "రేపు ఏజెంటు మూడు రకాల మెషిన్లు తెస్తాడు. తివాచీకీ బండలకీ రెంటికీ పనికొచ్చేది కావాలిట. ఏది బాగుందో నువ్వు చూసి రాసివ్వాలి."

"నన్ను అడగడమెందుకు?"

"వాడేది నువ్వు కాబట్టి. రేపది చెడిపోతే తిట్టడానికో మనిషి ఉండాలి కాబట్టి."

అతను గుడ్డ పిండాడు. బకెట్లో నల్లటి నీళ్ళు పడ్డాయి.

"వారం తుమ్మితే మెషినొచ్చింది. మా ఆవిడ ఆరేళ్ళు దగ్గింది," అన్నాడు.

గుమాస్తా ఏదో అనబోయాడు. అతని ముఖం చూసి, తాళాలగుత్తి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

పట్టీకి అవతల అతని మరదలు వంగి తివాచీని బ్రష్షుతో గీకుతోంది. ముక్కుకి గుడ్డ కట్టుకుంది. ఆమె గీకే పద్ధతి అక్క దగ్గర నేర్చుకున్నదే. కిటికీ దగ్గర మొదలుపెట్టి, గుమ్మంవైపు జరుగుతూ, ఒక్కో జానెడు మేర మూడుసార్లు ఒకవైపు, ఒకసారి ఎదురు. గీకినప్పుడల్లా సన్నటి పొగలాంటిది లేచి మళ్ళీ అక్కడే పడుతుంది.

"విన్నావా?" అన్నాడతను.

"చెవులకి గుడ్డ కట్టుకోలేదుగా. మెషినొస్తే కొత్తదాన్ని, నేనింటికా బావా?"

"ఎవరన్నారు?"

"ఎవరూ అనక్కర్లేదు. రెంటికీ పనికొచ్చే మెషినంటే, రెంటికీ కలిపి ఒక మనిషి చాలు. చదువు లేకపోయినా ఆ మాత్రం తెలుస్తుంది." నవ్వబోయింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. రెండు చిన్న దగ్గులు. కాస్త ఆగి, లోపల ఏదో విన్నట్టు తల వంచి, తర్వాత ఒక పొడుగాటి దగ్గు.

ఆ వరస అతనికి తెలుసు. అతని భార్యకి మొదటి ఏడాది అలాగే ఉండేది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"గొంతులో నస, అంతే. నీలాంటివాడితో మాట్లాడితే ఎవరికైనా వస్తుంది."

"నువ్వెక్కడికీ పోవు. ఎంచుకునేది నేను," అన్నాడతను. "దుమ్ము బయటికి వదలని మెషిను చూస్తాను. నీ పని నీకే ఉంటుంది. నేనున్నాను."

ఆమె మంచానపడ్డ మొగుణ్ణీ ఇద్దరు పిల్లల్నీ ఈ బ్రష్షుతోనే సాకుతోంది. వంగి మళ్ళీ గీకింది.

ఏజెంటు బట్టతల మనిషి. టైకి పిన్ను పెట్టుకున్నాడు. మూడు పెట్టెలు హాల్లో దింపించి, చెమట తుడుచుకుని, సీసాలోంచి తెల్లటి పొడి తీసి తివాచీ మీద చల్లబోయాడు.

"అదేమిటి?" అన్నాడు మేస్త్రీ.

"డెమో పౌడరండి. ఏ కంపెనీ అయినా దీంతోనే చూపిస్తుంది."

"మీ దుమ్ము మీరుంచుకోండి. దుమ్ముకి మేం ఒకరి దగ్గరికి పోనక్కర్లేదు."

రికార్డు గదిలో ఇనప బీరువాల వెనకనుంచి అతను పొద్దున్నే చేట నిండా దుమ్ము ఎత్తి పెట్టాడు. ఇసక, వెంట్రుకలు, దారప్పోగులు, తుప్పుపట్టిన గుండుసూదులు, కాగితాలకి బెజ్జాలు పెడితే రాలే గుండ్రటి ముక్కలు. ఈ ముక్కలే అన్నిటికంటే మొండివి. తివాచీలో పడ్డాయంటే గోటితో తీయాల్సిందే. సగం తివాచీ మీద పోసి బూటుకాలితో తొక్కమని ఏజెంటుకే చెప్పాడు. సగం బండల మీద చల్లాడు.

"మీరు కొనడానికి పిలిచారా, పరీక్షకి కూర్చోబెట్టారా?" అన్నాడు ఏజెంటు.

"పాసైతే కొంటారు," అంది మరదలు.

మొదటి మెషిను నిలువుగా ఉంది. కింద తిరిగే బ్రష్షు, వెనక గుడ్డ సంచి. తివాచీ మీద అది ఆకలిగొన్న గొడ్డులా మేసింది. గుండ్రటి ముక్కలు కూడా పోయాయి. కాని బండల మీదికి రాగానే ఆ బ్రష్షే ఇసకని చిమ్మింది. ఇసక ఏజెంటు మేజోళ్ళకి తగిలింది.

"బండలకి బ్రష్షు ఆపుకోవాలండి."

"ఆపండి."

"దీనికి ఆపే సదుపాయం లేదండి."

అతను వెళ్ళి కిటికీ పరదాలు లాగాడు. ఒక వేలంత సందు మాత్రం వదిలాడు. ఎండ సన్నటి పలకలా గదిలోకి దిగింది. "ఇప్పుడు మళ్ళీ నడపండి. ఈ వెలుగులో."

మెషిను ఎండపలక దాటింది. దాని వెనక గుడ్డ సంచి ఉబ్బి తగ్గుతోంది. ఉబ్బినప్పుడల్లా వెలుగులోకి దుమ్ము ఊదింది. ముందునుంచి తిన్నది వెనకనుంచి కక్కుతోంది. ఏజెంటు మెషినాపి, పరదాల వైపు చూశాడు. పన్నెండేళ్ళుగా అమ్ముతున్నాననీ, ఇలా ఎవరూ చూడలేదనీ అన్నాడు.

రెండోది నేలమీద గుండ్రంగా కూర్చునేది. పొడుగాటి గొట్టం పట్టుకుని లాగితే తాడుకట్టిన దూడలా వెనకే వచ్చింది. బండల మీద బాగుంది. మూలలకి వెళ్ళింది. సందుల్లో ఇసక లాగింది. తివాచీ మీద మాత్రం మూతి జారిపోయింది. పైకి శుభ్రంగానే కనిపించింది. మరదలు అరచెయ్యి తడిచేసుకుని తివాచీ మీద గట్టిగా ఒక మూర లాగింది. వెంట్రుకలు ఉండలా చుట్టుకుని పైకొచ్చాయి. ఆ చెయ్యి ఏజెంటు ముందు పెట్టింది.

"ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"మా అక్క దగ్గర."

మూడోదాని మూతిమీద కాలితో నొక్కే మీట ఉంది. ఒకసారి నొక్కితే బ్రష్షు కిందికి దిగి తిరుగుతుంది. ఇంకోసారి నొక్కితే బ్రష్షు లోపలికి పోయి, చుట్టూ రబ్బరు అంచు దిగుతుంది. ఇసక చిమ్మకుండా ఆ అంచు పట్టి ఉంచుతుంది. చక్రాలకీ రబ్బరే. మొదట తివాచీని పట్టుకుని కదలనంది. పిడి దగ్గర చిన్న తలుపు జరిపి కాస్త గాలి వదిలితే దారికొచ్చింది. లోపల కాగితం సంచి, దాని వెనక ఫిల్టరు, ఆ ఫిల్టరు వెనక ఇంకో ఫిల్టరు.

అతను దాన్ని స్వయంగా నడిపాడు. తివాచీ మీదినుంచి వచ్చి, ఇత్తడి పట్టీ ముందు ఆగి, మీట నొక్కి, బండల మీదికి దింపాడు. కుదుపు లేదు. మళ్ళీ వెనక్కి. మీట టక్కుమంది. అలా మూడుసార్లు పట్టీ దాటించాడు. తర్వాత ఎండపలక దగ్గరికి తెచ్చి, మెషిను వెనక్కి వెళ్ళి వంగి చూశాడు. వెలుగు వెలుగులాగే ఉంది.

మరదలు ముక్కుగుడ్డ కిందికి లాగింది. "వాసన కూడా లేదు బావా," అంది.

ఆమె ముఖం గుడ్డ లేకుండా ఆ గదిలో అతను చూడటం అదే మొదలు. గుడ్డ కట్టిన గీతకి పైన దుమ్ము, కింద మామూలు రంగు.

మర్నాడు మూడోదాన్ని రోజంతా నడిపి చూడమని ఏజెంటు వదిలి వెళ్ళాడు. పొద్దున ఆఫీసరు ఇంకా రాలేదు. అతను ఆయన గదితోనే మొదలుపెట్టాడు. సగం గదికే మెషిను మీద ఎర్రదీపం వెలిగింది. సంచి నిండింది.

"అంత దుమ్ము ఉండదు," అన్నాడతను. "చెడిపోయుంటుంది. ఈ గది రోజూ చేసేదే." అతని భార్య పందొమ్మిదేళ్ళు రోజూ చేసింది. అవతలి పని గురించి అతనికి తెలిసింది అంతే. ఆమె చేసిన తివాచీలో దుమ్ము ఉండదని ఇన్నాళ్ళూ పదిమందికీ చెప్పుకున్నాడు.

పాత పేపరు పరిచి సంచి విప్పారు. బూడిదలాంటిది, పిండికంటే మెత్తనిది, కుప్పగా జారింది. పేపరు అంచులు దాటింది. మరదలు వెంటనే ముక్కుగుడ్డ పైకి లాక్కుంది. అతను కూర్చుని చూస్తుండిపోయాడు. అది నిన్నటిదీ మొన్నటిదీ కాదు. ఏళ్ళ తరబడి అడుగున ఉండిపోయింది. బ్రష్షు దాన్ని కదపగలదు. లేపగలదు. తీయలేదు.

ఆఫీసరు గుమ్మంలో నిలబడ్డాడు. జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇదంతా నా గదిలోదేనా?"

"అవునండి," అన్నాడు వెనకనుంచి స్టోరు గుమాస్తా.

"మరిన్నేళ్ళూ ఎవరు ఊడ్చారు? ఊడ్చినట్టు సంతకాలు పెట్టి పోయేవాళ్ళా?"

అతను లేచి నిలబడ్డాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆఫీసరు అడిగినప్పుడు నేల చూడటం అతనికి పాత అలవాటు.

"మా అక్క ఊడ్చిందండి," అంది మరదలు. "బ్రష్షుకి రానిది ఇందులో ఉంది. వచ్చింది మా అక్క పీల్చింది."

ఆఫీసరుకి అర్థం కాలేదు. ఎవరి అక్క అని గుమాస్తాని అడిగాడు. గుమాస్తా చెవిలో ఏదో చెప్పాడు. ఆయన తల ఊపి, "మెషినే కొనండి. మిగతాది కూడా చూడండి," అని కుప్పని దాటి లోపలికి వెళ్ళాడు.

మిగతాది అంటే ఏమిటో మధ్యాహ్నం తెలిసింది. గుమాస్తా అతన్ని స్టోరు గదిలోకి పిలిచి, కాగితం, కలం ముందు పెట్టాడు.

"నీ మంచికి చెప్తున్నాను, విను. మూడోది బాగుందని రాస్తే ఒక మనిషి తగ్గుతుంది. పైనుంచి మాట వచ్చేసింది. మొదటిది రాశావనుకో, అది తివాచీకే పనికొస్తుంది. బండలకి నువ్వు కావాలి. ఇద్దరూ ఉంటారు. రెంటికీ సరిపోయేది దొరకలేదని నేను ఆయనకి నచ్చచెప్తాను."

"అది దుమ్ము కక్కుతుంది."

"కాస్త కక్కుతుంది. గుడ్డ కట్టుకుంటుంది. ఏం, ఇప్పుడు కట్టుకోవట్లేదూ?" కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "ఇంత ఆలోచన దేనికయ్యా? కిందటిసారి తెలివిగానే రాశావుగా."

"కిందటిసారంటే?"

ఆ మాట అన్నది మరదలు. మెషిను పెట్టడానికి వచ్చి గుమ్మంలో నిలబడింది. రెండు చేతులతో గొట్టం పట్టుకుంది.

గుమాస్తా ఇద్దరి ముఖాలూ చూశాడు. "నీకు తెలుసనుకున్నానమ్మా," అన్నాడు. అప్పటికే పాత ఫైలు బల్లమీద తెరిచి ఉంది. దాచడానికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె వచ్చి ఆ చేతిని పక్కకి జరిపింది.

ఆమె చదువు రెండో తరగతి. అక్షరం అక్షరం కూడబలుక్కుని, వేలు పెట్టి, పైకే చదివింది.

"బ్రష్షుతో... శుభ్రంగానే... వస్తోంది. మెషిను... అవసరం లేదు."

కింద అతని సంతకం. ఎడమకి వంగిన అక్షరాలు. పక్కన తేదీ. ఆరేళ్ళ కిందటిది.

ఆమె గొట్టాన్ని జాగ్రత్తగా గోడకి ఆనించి బయటికి నడిచింది. అతను వెనకే వెళ్ళాడు. మెట్ల మీద, తను పొద్దున తుడిచిన మెట్ల మీద, ఆమె కూర్చుంది. అతను రెండు మెట్లు కింద నిలబడ్డాడు.

"అప్పటి ఆఫీసరు అడిగాడన్నమాట," అంది.

"అడిగాడు."

"అక్కకి ఏమని చెప్పావు?"

అతను మెట్టు అంచున అంటుకున్న మరకని బొటనవేలితో రుద్దాడు. "కుదరదన్నాడని చెప్పాను."

"అక్క ఆ మనిషిని తిట్టుకుంటూనే పోయింది. ఆస్పత్రి మంచం మీద కూడా. ఆయన పిల్లలు దగ్గి చావాలని అంది. నేనే నోరు మూశాను." అతని వైపు తిరిగింది. "ఆయన ఏ పాపం ఎరగడు."

"ఇద్దరి పనీ ఉండాలని. మెషినొస్తే ఒకరిని తీసేస్తారు. అక్క పని పోతుందని..."

"అక్క పనా?"

అతను మళ్ళీ మరకని రుద్దాడు.

"అక్క నాలా కొత్తది కాదు, పైగా ఆడమనిషికి సగం జీతమే ఇస్తారు బావా. ఒకరినే ఉంచుకోవాలంటే ఎవరిని ఉంచుకునేవాళ్ళు?"

ఈ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. తనూ వేసుకోలేదు. ఆరేళ్ళ కిందట స్టోరు గదిలో కలం పట్టుకున్నప్పుడు ఈ ప్రశ్న చుట్టూ తిరిగి, దాన్ని చూడకుండా, సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఆఫీసర్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. భార్యకంటే గట్టిగా తిట్టాడు. తిట్టితిట్టి, కొన్నాళ్ళకి, నిజంగా ఆయనే కాదన్నాడని నమ్మాడు.

మరదలు లేచింది. చీర వెనక దులుపుకుంది. "ఇప్పుడు కూడా కలం నీ చేతిలోనే ఉంది," అంది. "నాకు గుడ్డ కట్టుకోవడం అలవాటే. నువ్వేం బెంగపడకు."

కోపంతో అనలేదు. కోపంతో అనుంటే అతనికి తేలికగా ఉండేది.

మర్నాడు పొద్దున్నే అతను స్టోరు గదికి వెళ్ళాడు. నిలబడే రాశాడు. "మూడోది. తివాచీకీ బండలకీ రెంటికీ పనికొస్తుంది. దుమ్ము వదలదు." ఇంకో వాక్యం రాసి కాగితం తిప్పి గుమాస్తా ముందుకి తోశాడు.

గుమాస్తా చదివి కళ్ళజోడు తీశాడు. "నీ మరదలి పేరు రాశావేమిటి? ఉండేది నువ్వనుకున్నాను. ఇన్నేళ్ళ సర్వీసు."

"ఆవిడకి రెండు నేలలూ తెలుసు."

"నీకు తెలీదా?"

"నాకు ఒకటే తెలుసు."

"ఇంట్లో కూర్చుని ఏం చేస్తావయ్యా?"

అతను కలం బల్లమీద పెట్టాడు. గుమాస్తా కాగితాన్ని ఫైల్లో పెట్టాడు, పాత కాగితం మీదే. ఒకే సంతకం రెండుసార్లు.

నెలాఖరు దాకా అతను పనిలో ఉన్నాడు. మరదలికి బండల పని చూపించాడు. ఏ బండ కింద బోలు ఉందో, ఎక్కడ నీళ్ళు నిలుస్తాయో, మెట్ల మూలల్లో గుడ్డ ఎలా మడవాలో చెప్పాడు. ఆమె విన్నది. అడగాల్సింది అడిగింది. అంతకుమించి మాట్లాడలేదు. పరాచికాలు ఆగిపోయాయి. దగ్గు మాత్రం ఆగలేదు, కాస్త తగ్గింది. ఇంత తొందరగా పూర్తిగా పోదని డాక్టరు అన్నాడట. ఆ సంగతి కూడా అతను గుమాస్తా ద్వారా విన్నాడు.

ఒక్కసారి మాత్రం, ఇద్దరూ మెట్ల మీద ఎదురైనప్పుడు, ఆమె బకెట్టు కింద పెట్టి అంది. "నాకేదో చేశాననుకోకు బావా. అక్కకి రాయాల్సింది నా పేరున రాశావు. దానికి నేను దణ్ణం పెట్టలేను."

"పెట్టొద్దు," అన్నాడతను.

చివరి రోజున బకెట్టు బోర్లించి, గుడ్డలు ఆరేసి, తన సామాను పెట్టుకునే అర తాళం తీశాడు. లోపల భార్య బ్రష్షు ఉంది. కొత్త మెషినొచ్చాక మరదలు దాన్ని అక్కడ పెట్టినట్టుంది. చేతిలోకి తీసుకున్నాడు. ఒకవైపు పూర్తిగా అరిగిపోయింది. చెక్క పిడిలో ఆమె బొటనవేలు ఆనేచోట గుంట పడింది. అతని వేలు అందులో పట్టలేదు.

చెప్పులు విప్పి ఇత్తడి పట్టీ దాటాడు. ఇన్నేళ్ళలో మెషిను నడిపిన ఆ రెండు రోజులు తప్ప, అవతల అతను పని చేయలేదు. మీటింగు హాల్లో పెద్ద బల్ల కింద, దాని కాళ్ళు గోడకి ఆనుకునే మూల, మెషిను మూతి పట్టని చోటు ఒకటి ఉందని చూసి పెట్టుకున్నాడు. అక్కడికి పాకి, మోకాళ్ళ మీద కూర్చుని గీకాడు. మూడుసార్లు ఒకవైపు. ఒకసారి ఎదురు. ఎప్పుడూ పట్టీకి ఇవతలినుంచి చూసిన పని. ఇంత కిందికి వంగాలని తెలియదు. ముఖం తివాచీకి జానెడు దూరంలో ఉంటుందని తెలియదు.

దుమ్ము లేచింది. కిటికీలోంచి పడే ఎండలో అది మెల్లగా తిరిగింది. అతను ముక్కుకి ఏమీ అడ్డం పెట్టుకోలేదు. మళ్ళీ గీకాడు. దగ్గొచ్చింది. రెండు చిన్నవి. కాస్త ఆగాడు.

వెనక మెషిను చప్పుడు దగ్గరకొచ్చింది. పట్టీ దగ్గర మీట టక్కుమంది. మరదలు బల్ల కిందికి వంగి చూసింది. అతని చేతిలో బ్రష్షు చూసింది. కొంచెంసేపు మెషిను ఒకేచోట మోగుతూ ఉండిపోయింది.

"కాళ్ళు తియ్యి బావా," అంది.

అతను కాళ్ళు ముడుచుకున్నాడు. ఆమె గొట్టం చివర సన్నటి ముక్క తగిలించి, చెయ్యి చాపి, అతను లేపిన దుమ్మంతా తీసేసింది. అతను కూర్చున్న చుట్టూ కూడా తీసేసింది. తర్వాత గోడ వైపు తిరిగి పని చేసుకుపోయింది.